కారులో నీదేదీ మిగల్లేదు

లావణ్యా,

మన కాలేజీ రేసు కారుకి ఈ సీజన్ చివరి పోటీలో మూడో స్థానం వచ్చింది. నడిపింది నేనే. నువ్వుంటే ట్రాక్ పక్కన గంతులేసేదానివి.

జ్వరం నిన్ను తీసుకుపోయాక, మొదటి పోటీకి నీ డిజైన్‌తోనే వెళ్లాం. గాలి కారుని నేలకి అదిమి ఉంచాలని నువ్వు ముందు పెట్టిన రెక్క బరువెక్కువై, మలుపుల్లో నేలకి రాసుకుంది. అందరికంటే వెనకబడ్డాం. దాన్ని తీసేసి నేను గీసిన చిన్న రెక్క పెట్టాను. రెండో పోటీ తర్వాత నీ సస్పెన్షన్ మార్చాం, ఆఖరికి బాడీ కూడా. మార్చిన ప్రతిసారీ కారు ఇంకా బాగా పరిగెత్తింది. నాకు సంతోషం కూడా వేసింది. అదే నన్ను తినేస్తోంది.

నిన్న మీ నాన్నగారు వన్ టౌన్‌లో బట్టల కొట్టు కట్టేసి, కారు చూడ్డానికి మన వర్క్‌షాపుకి వచ్చారు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇందులో మా అమ్మాయి చేసిందేదమ్మా?" అని అడిగారు.

నీది ఒక్క ముక్క కూడా లేదని చెప్పడానికి నోరు రాలేదు. నేను గీసిన రెక్కను చూపించి, "ఇదే అంకుల్" అన్నాను.

ఆయన జేబురుమాలుతో దాని మీద దుమ్ము తుడిచారు. అంచు వెంట వేలితో మెల్లగా తడిమారు.

"ఎంత నున్నగా చేసిందో చూడు. ఇంట్లో గ్లాసు కడగమంటే కడిగేది కాదు" అని నవ్వారు. ఫోన్ తీసి ఫొటోలు తీసుకున్నారు.

"నువ్వూ పక్కన నిలబడమ్మా, దాని స్నేహితురాలివి కదా" అన్నారు.

నిలబడ్డాను. నవ్వమంటే నవ్వాను కూడా.