అమ్మ అర్హత పరీక్ష

ప్రియమైన గడుగ్గాయికి,

మీ హాస్టల్లో ఫోన్లు లాక్కోవడం ఒకందుకు మంచిదే అయింది, నాకు ఉత్తరాలు రాయడం అలవాటైంది. మీ నాన్న పోయాక ఇల్లు ఖాళీ చేసి నువ్వక్కడ, నేనిక్కడ. ఇక్కడ యూనివర్సిటీలో రోజంతా నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటే. తోటి విద్యార్థులు నా వయసులో సగం ఉంటారు. నన్ను చూడగానే "మేడమ్" అని పక్కకి తప్పుకుంటారు.

ఇంకా పరీక్షలేమిటని అడిగావు. పీహెచ్‌డీలో రెండేళ్లు చదివాక, పరిశోధనకి పనికొస్తామో లేదో తేల్చే పరీక్ష ఇది. మూడు రోజులు రాతపరీక్ష. తర్వాత వైవా: నలుగురు ప్రొఫెసర్లు, ఒక బోర్డు, రెండు గంటలు. రెండు అవకాశాలే ఇస్తారు. మొదటిసారి తప్పానని చెప్పాను గానీ ఎలాగో చెప్పలేదు. నేలలో ఉప్పు గురించి రాని ప్రశ్న అడిగితే ఏదో కల్పించాను. దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి. బోర్డు నిండింది, నా పరువు పోయింది. పద్దెనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, తెలియదనడానికి నోరు రాలేదు. తర్వాత మా గైడ్ నెమ్మదిగా అన్నారు: "మీకెంత తెలుసో చూడ్డానికి కాదమ్మా, తెలిసింది ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి అడుగుతారు. అక్కడ ఆగిపోండి."

ఈసారీ పోతే పెట్టె సర్దుకుని రావడమే. భోజనం మానకు.

నిన్నే తలుచుకుంటూ,
అమ్మ

ప్రియమైన మేడమ్ గారికి,

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. నా ముగ్గురు స్నేహితురాళ్లూ నన్ను ఊపిరి తీసుకోనివ్వరు. డాక్టరుగారి అమ్మాయి పొట్టిది, ఇంకొకతి పొడుగు, మూడోది నవ్విస్తూనే ఉంటుంది. సాయంత్రాలు నలుగురం మేడ మీద తిరుగుతాం. నా గురించి బెంగ పెట్టుకోకు. ఆ ప్రొఫెసర్లకి చుక్కలు చూపించు. నాన్న ఉంటే ఈపాటికి ఊరంతా టముకు వేసేవాడు.

నీ
గడుగ్గాయి

ప్రియమైన నా తల్లికి,

పాసయ్యాను. వైవా మొదలైన గంటకి ఒక పెద్దాయన మొక్కల వేళ్ల గురించి అడిగారు. సుద్దముక్క కింద పెట్టేశాను. "నాకు తెలియదండీ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తెలుసుకోవాలంటే ఏం చేస్తారని అడిగారు. అది చెప్పగలిగాను. చివరికి నన్ను బయట కూర్చోబెట్టి పావుగంట మాట్లాడుకుని, నలుగురూ సంతకాలు చేశారు.

వరండా అంతా ఖాళీ. ఎవరికి చెప్పను? బోర్డు తుడవడానికి వచ్చినతనికి చెప్పాను. మంచిదండీ, కాస్త తప్పుకోండి అన్నాడు. గదికి వచ్చి ఒక్కదాన్నే అన్నం తిన్నాను.

తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా చదివాను. పోయిన నెల ఉత్తరంలో డాక్టరుగారి అమ్మాయే అందరికంటే పొడుగు. ఇప్పుడు పొట్టిదయింది. ఒక్కరి పేరూ ఎక్కడా లేదు. నేనూ మొదటి వైవాలో బోర్డు ఇలాగే నింపాను తల్లీ.

నిజం రాయి. ఏదైనా సరే, కోప్పడను.

ఎదురుచూస్తూ,
అమ్మ

ప్రియమైన అమ్మకి,

స్నేహితురాళ్లు ఎవరూ లేరు. నా గదిలో రెండో మంచం మొదటినుంచీ ఖాళీయే. భోజనాల బల్ల చివర కూర్చుని గబగబా తినేసి వస్తాను. ఏడుస్తున్నానని తెలిస్తే నువ్వు చదవవని ఆ ముగ్గురినీ పుట్టించాను.

ఇంకో నిజం ఉంది. మొదటిసారి నువ్వు తప్పినప్పుడు వార్డెన్ గదిలోంచి ఫోన్లో ఏడ్చాను. నీకోసం బాధపడుతున్నానని నువ్వే నన్ను ఓదార్చావు. అది బాధ కాదమ్మా, సంతోషం. ఇంకొక్కసారి తప్పితే వచ్చేస్తావని, మళ్లీ ఇల్లు తీసుకుంటామని. ఈ నెలంతా పొద్దున్న నీకు ధైర్యం చెబుతూ రాశాను, సాయంత్రం నువ్వు తప్పాలని దండం పెట్టుకున్నాను.

నువ్వు పాసయ్యావని చెబితే వార్డెన్ గారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చదువు మానొద్దు. ఈ ఆదివారం మాత్రం రా.

నీ కూతురు