మొదటి పెట్టె ఎవరు తెరవాలి

సెప్టెంబర్ 3

మామగారి చెవి మిషన్ ఇంకా దొరకలేదు. మా ఆయన సోఫా తిరగేశారు. నేను వాషింగ్ మెషీన్ ఫిల్టర్ కూడా విప్పాను. రెండు బటన్లు, ఒక హెయిర్‌పిన్ దొరికాయి. మామగారు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని బైనాక్యులర్ తుడుచుకుంటున్నారు. అంత కంగారెందుకమ్మా, నాకు బాగానే వినపడుతోంది కదా అన్నారు. నేను అడిగింది టీలో చక్కెర వేయనా అని.

సెప్టెంబర్ 6

పార్కులో పిట్టల జట్టు మీటింగ్. జట్టంటే మామగారు, ఎదురింటి డెంటిస్టుగారు, ఆయన భార్య, ఫ్లాస్కు మోయడానికి నేను. ఆవిడని నేను అక్కా అంటాను.

చెట్లకు వీళ్ళు కట్టిన గూటిపెట్టెలున్నాయి. వేసవిలో పిచ్చుకలు అందులో కాపురాలు పెట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్ళిపోయాయి. ఇప్పుడు పాత గడ్డంతా తీసి కడగాలి. కడిగేయొచ్చు కదా అంటే కుదరదు, రూలుందట. చలికాలానికి వలస వచ్చే గ్రే వాగ్‌టెయిల్ అనే పిట్ట పార్కు పక్క కాలువ మీద మొదటిసారి కూసేదాకా ఏ పెట్టే తెరవకూడదు. ఆ కూత ఎవరు ముందు వింటే వాళ్ళే మొదటి పెట్టె తెరవాలి. చూస్తే చెల్లదు, వినాలి. చూశానని ఎవరైనా అనొచ్చట. విన్నానని కూడా అనొచ్చు కదా అన్నాను. పెద్దమనుషుల్ని పట్టుకుని దొంగలన్నట్టు మగవాళ్ళిద్దరూ నా వంక చూశారు.

ఏటా గెలిచేది మామగారేనట. నిచ్చెన మాత్రం డెంటిస్టుగారి గ్యారేజీలో, తాళంలో ఉంటుంది.

మామగారు ఇవాళ ఫ్లాస్కులో టీ ముట్టలేదు. మీటింగంతా ఒకటో నంబరు పెట్టె వంకే చూస్తూ కూర్చున్నారు.

సెప్టెంబర్ 7, మధ్యాహ్నం

మామగారు కళ్ళజోళ్ళ షాపుకొచ్చారు, నేను పనిచేసే చోటికి. స్క్రూ లూజైందన్నారు. కాలేదు. కస్టమర్లెవరూ లేరని చూసుకుని అసలు సంగతి చెప్పారు.

మిషన్ పోలేదట. ఆగస్టులో గాలివానకి ఒకటో పెట్టె మూత ఊడితే బిగించడానికి డెంటిస్టుగారి నిచ్చెన అడిగి ఈయనే ఎక్కారు. నిచ్చెన మీద ఉండగా మిషన్ చెవిలో కుయ్యిమంది. చిరాకేసి దాన్ని తీసి పెట్టెలో పడేసి మూత బిగించేశారు. ఇంట్లో పోయిందని చెబితే పెట్టుకోమనే మా నస తప్పుతుందనుకున్నారు. ఎలాగూ నేనే గెలుస్తాను, నేనే తీసుకుంటానని ధీమా. మేం ఇల్లంతా వెతుకుతుంటే దొంగకు తేలు కుట్టినట్టు ఎందుకున్నారో ఇప్పుడర్థమైంది.

తీరా చూస్తే, మిషన్ లేకుండా ఆ పిట్ట కూత ఆయనకి వినపడదు. మరీ సన్నని కూతట. అది వినపడితేగానీ పెట్టె తెరవడానికి లేదు, పెట్టె తెరిస్తేగానీ అది వినపడదు. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. పెట్టె డెంటిస్టు తెరిస్తే నేనిక పార్కుకి రానమ్మా, పిట్టలు మానేస్తాను అన్నారు తల వంచుకుని. అప్పుడు నా నవ్వు ఆగింది. చాలా బాధేసింది.

సెప్టెంబర్ 8

ఏదో వంక చెప్పి నిచ్చెన అడుగుతానన్నాను. వద్దన్నారు, రూలు రూలేనట. దాయడానికి లేని రూలు తీయడానికొచ్చింది.

సెప్టెంబర్ 10

ప్లాన్: వినేది నేను, లేచి నిలబడేది మామగారు. కూత వినపడగానే ఫ్లాస్కు మూత మీద చెంచాతో రెండుసార్లు కొట్టాలి. ఆ చప్పుడైతే ఆయనకి వినపడుతుంది.

కూత ఫోన్‌లో డౌన్‌లోడ్ చేశాను. చిట్‌-చిట్, అంతే. రేకు డబ్బాని గోటితో మీటినట్టుంది. షాపులో పదేపదే వింటుంటే, కళ్ళు టెస్టు చేయించుకోవడానికొచ్చినావిడ ఇక్కడ ఎలుకలున్నాయా అని అడిగింది.

సెప్టెంబర్ 14

పరువు పోయింది. చిట్‌ అని వినపడింది, మూత మీద కొట్టాను, మామగారు లేచి ఛాతీ విరిచి అదిగో అన్నారు. పేపరువాడు సైకిల్ బ్రేకు వేసుకుంటూ మా ముందు నుంచే వెళ్ళాడు. డెంటిస్టుగారు పొలమారేదాకా నవ్వారు. మీరంతా శ్రద్ధగా వింటున్నారో లేదోనని పరీక్షించానన్నారు మామగారు.

దారిలో నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని తనే మోశారు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 17

వాన. పిట్ట రాలేదు, నాకు జలుబు వచ్చింది.

సెప్టెంబర్ 19

జలుబు నాకైతే దగ్గు అక్కకి. ఆవిడ దగ్గినప్పుడల్లా డెంటిస్టుగారు ఉలిక్కిపడి ఆకాశం వంక చూస్తున్నారు. భార్య దగ్గితే మొహం చూడాలి గానీ ఆకాశమెందుకు చూస్తారో.

సెప్టెంబర్ 23

వచ్చింది. నేను విన్నాను. నా చెవులతో, ఫోన్ లేకుండా.

తెల్లగా తెల్లారింది. కాలువ మీద పొగమంచు. చిట్‌-చిట్. మూత మీద రెండుసార్లు కొట్టాను. సరిగ్గా అప్పుడే అక్క రెండుసార్లు దగ్గింది. మగవాళ్ళిద్దరూ ఒకేసారి లేచి విన్నానన్నారు. ఏ పక్క నుంచి అని ఒకరినొకరు నిలదీసుకున్నారు. మామగారు వంతెన వైపు చూపించారు, డెంటిస్టుగారు గేటు వైపు. పిట్టేమో వాళ్ళిద్దరి మధ్య పైపు మీద వాలి, పసుపుపచ్చ పొట్టతో, తీరిగ్గా తోక ఊపుకుంటోంది.

దొందూ దొందే. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వితే ఏమవుతుందోనని పెదవి కొరుక్కున్నాను.

ముందు మామగారే కూర్చున్నారు. నాకు వినపడలేదండీ, మా కోడలు విన్నది అన్నారు. డెంటిస్టుగారూ కూర్చుని, నాకూ వినపడలేదు, నేను విన్నది మా ఆవిడ దగ్గు అన్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేను, నువ్వే ఎక్కు అంది అక్క.

నిచ్చెన వేశారు. నేను ఎక్కుతుంటే మామగారు అందరూ వినేలా చెప్పారు, అందులో నా వస్తువొకటుంది జాగ్రత్తమ్మా అని.

మూత తెరిచాను. ఎండుగడ్డి, కుక్క బొచ్చు, మా డోర్‌మ్యాట్‌లోంచి పోయిన నీలం దారాలు. మిషన్ కనపడలేదు. వేలితో కెలికితే అడుగున తగిలింది. ఆలస్యంగా వచ్చిన పిచ్చుకల జంట ఏదో దాని మీదే కాపురం పెట్టినట్టుంది. గుడ్డు పెంకు ముక్క కూడా ఉంది. దులిపి, చున్నీతో తుడిచి కిందికందించాను.

డెంటిస్టుగారు నవ్వలేదు. మామగారిని పక్కకి తీసుకెళ్ళి రహస్యంగా అడిగారు, పెట్టుకుంటే నొప్పిగా ఉంటుందా అని. ఆయన రహస్యం పార్కంతా వినపడింది.

సెప్టెంబర్ 24

అన్ని పెట్టెలూ వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాం. మిషన్‌కి కొత్త బ్యాటరీ వేశాం, పనిచేస్తోంది. నీ చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయా అమ్మా అన్నారు మామగారు. చేస్తాయి మామయ్యా, మీకే తెలియదు అన్నాను.

సెప్టెంబర్ 28

వంటింట్లో ఉన్నాను. ఫ్యాను తిరుగుతోంది, పాలు పొంగడానికొచ్చాయి. నాకేమీ వినపడలేదు. హాల్లోంచి మామగారు టీ కప్పు మీద చెంచాతో రెండుసార్లు కొట్టారు. పొయ్యి ఆపి కిటికీ దగ్గరకి పరుగెత్తాను.