అవమాన పత్రం – ఒక్క ప్రతి

ప్రెస్సు యజమాని గారికి నమస్కారం.

సన్మాన పత్రాలు రాసి, అచ్చు వేసి, అద్దం బిగించి ఇస్తామని మీ బోర్డు మీద చూశాను. నాకు అవమాన పత్రం కావాలి.

ఇరవై ఎనిమిదిన మా తమ్ముడు బస్సు డ్రైవరుగా రిటైరవుతున్నాడు. డిపోలో వాడికి సన్మానమట. పదకొండేళ్ల కిందట కూతురి పెళ్లికి ఊరందరినీ పిలిచి, తోడబుట్టిన నన్ను మరిచిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. అందరూ పొగిడే రోజున నిజం చెప్పే కాగితం ఒకటి వాడి చేతిలో పడాలి.

వాడి గుణాలు: అబద్ధాలకోరు. మొండిఘటం. దారి తప్పినా ఒప్పుకోడు. ఓసారి నలభై మందితో బస్సును ఇటుకల బట్టీలోకి తోలి, ఇదే అడ్డదారి అన్నాడు.

ఇట్లు,
డ్రైవరు అక్క (కుట్టు టీచరు)

తా.క. కింద నా సంతకం వద్దు. చదవగానే వాడికే తెలియాలి.

*

టీచరమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే నమ్మండి. ముప్పై ఏళ్లుగా ఒకే పొగడ్తను పేరు మార్చి పశువుల డాక్టరుకీ, పోస్టుమాస్టరుకీ వేస్తున్నాను. ఇన్నాళ్లకు చేతికి పని తగిలింది. రాత్రికి రాత్రే రాసేశాను:

“ఓ కల్పనా చతురా! దృఢ సంకల్పా! నూతన మార్గాన్వేషీ! తోబుట్టువునైనా పిలవని నిరాడంబరుడా!”

ఎలా ఉందో వెంటనే చెప్పండి, ఆగలేకపోతున్నాను.

ఉత్సాహంతో,
ప్రెస్సు యజమాని

తా.క. అంచుకు పూలు వేయనా, లతలు వేయనా?

*

ప్రెస్సు గారికి,

నేను తిట్టమంటే మీరు వాడికి ఇంకో సన్మానం చేశారు. ఇది చూస్తే ముందు గదిలో తగిలించుకుంటాడు. అబద్ధాలకోరును అబద్ధాలకోరు అనండి.

ఇవి కూడా చేర్చండి. చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టి, మేక తొక్కిందన్నాడు. మాకు మేక లేదు. నాకు టైఫాయిడ్ వస్తే వానలో అయిదు మైళ్లు నడిచి మందు తెచ్చి, నా కొత్త దుప్పటితో తల తుడుచుకున్నాడు. దుప్పటి సంగతి తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
కోపంగా, డ్రైవరు అక్క

తా.క. పూలూ వద్దు, లతలూ వద్దు. ముళ్ల అంచు ఉందా?

*

అమ్మా, నమస్కారం.

ఈసారి మొహమాటం వదిలేశాను. “మూర్ఖుడా! పాషాణమా! దుప్పటి విలువ తెలియని దున్నపోతా!” రాస్తుంటే ఒళ్లు పులకరించింది. మేక పేరా చదివి మా ఆవిడ పడీపడీ నవ్వింది.

మీ ప్రెస్సు యజమాని

తా.క. ముళ్ల అంచు ఒకప్పుడు ఉండేది. వెతుకుతున్నాను.

*

అయ్యా,

మా తమ్ముణ్ణి పాషాణం అనడానికి మీరెవరు? దున్నపోతా? ఆ వానలో వాడికి గొడుగైనా లేదు. నాకు తప్ప వాణ్ణి తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ రెండూ కొట్టేయండి. మేక ఉంచండి.

డ్రైవరు గారి అక్క

తా.క. “మూర్ఖుడా” ఉండొచ్చు.

*

అక్కగారికి,

ముళ్ల అంచు కోసం పాత అచ్చు బీరువా జరిపాను. వెనక, గోడకు ఆనుకుని, బూజు పట్టిన కవరొకటి. మీ పేరు, మీ చిరునామా, లోపల మీ మేనకోడలి శుభలేఖ. ఆ శుభలేఖలు అచ్చు వేసిందీ, పోస్టు చేస్తానని తీసుకున్నదీ నేనే.

కవరూ, మీ పత్రమూ పట్టుకుని నేరుగా డిపోకి పరిగెత్తాను. మీ తమ్ముడు గారు బస్సు మెట్టు మీద నిలబడి చదివారు. మేక దగ్గర నవ్వారు. దుప్పటి దగ్గర మెట్టు మీదే కూర్చుండిపోయి, “అక్క,” అన్నారు. పిలిచినా మీరు రాలేదని ఇన్నాళ్లూ ఆయన కోపమట. ఆ రోజు మీ కోసం గంటసేపు పెళ్లి ఆపి, మైకు పాడైందని అందరికీ అబద్ధం చెప్పారట.

సభలో పొగడ్త వద్దట, మీ పత్రమే చదవాలట. అదీ మీరే చదవాలట. ఇరవై ఎనిమిదిన ఆఖరి ట్రిప్పు మీ వీధి మీదుగా తెస్తానన్నారు. అది బస్సు రూటు కాదు కదా అంటే, అడ్డదారి అన్నారు. ముందు సీటు మీది. శుభలేఖ దీనితో జతపరిచాను.

తలవంచుకుని,
ప్రెస్సు యజమాని

తా.క. ముళ్ల అంచు దొరికింది. దాన్ని నా అవమాన పత్రానికి వాడుకుందాం. రాత మాత్రం మీరే రాయాలి. నేను రాస్తే మళ్లీ మెత్తబడుతుంది.