గుణదల ఇంట్లో నీ నవ్వు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గుణదల ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నాం.

నువ్వు నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. ఆ నవ్వే నాకూ వచ్చింది. తొమ్మిదో తరగతిలో పిల్లలంతా ఏడాది పొడుగునా గాడిద ఓండ్రలు పెట్టి వెక్కిరించాక, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. పెళ్లయినా ఆ చెయ్యి దిగలేదు. తనతో నేను సుఖంగా లేనేమోనని నీ అల్లుడు ఎంత నలిగిపోయాడో నీకు తెలుసు.

ఇవాళ భోజనాల ముందు ప్రార్థన ఆయనే చేశారు. నువ్వున్నప్పటి అలవాటు కొద్దీ, "ప్రభువా, మా మావయ్యగారికి ఆయురారోగ్యాలు దయచేయండి" అనేశారు. పాస్టర్‌గారు కూడా "ఆమెన్" అన్నారు!

నవ్వేశాను నాన్నా. చెయ్యి అడ్డం పెట్టకుండా, షామియానా అదిరేలా. చుట్టాలంతా తిరిగి చూశారు. చూడనీ.

"ఇన్నేళ్లూ ఈ నవ్వు ఎక్కడ దాచావు?" అన్నారు ఆయన.

వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. నీ కోసం చుట్టూ వెతికి, చివరికి నన్ను చూసింది.

"మీ నాన్నే అనుకున్నానే," అంది. "ఏదీ, ఇంకోసారి నవ్వు."

నవ్వాను. వీధి చివరిదాకా.