ఇంకో కిలో

మార్చి 4. పొద్దున మంచు, తర్వాత ఎండ. ఇనుము చెక్కే లేత్ మిషను తుడిచి నూనె పెట్టాను.

బావగారికి నమస్కారాలు. అక్కయ్యను అడిగానని చెప్పండి.

మీరు పంపిన ఫ్లైవీల్ అందింది. ఇంజన్ వెనక తిరిగే ఈ ఇనుప చక్రం తేలికైతే బండి తొందరగా ఊపందుకుంటుందని మీ కార్ల పోటీ జట్టువాళ్లు అన్నది నిజమే. తిరిగే బరువును తిప్పడానికి ఇంజన్ బలం కొంత ఖర్చవుతుంది. అంచు దగ్గర తీసిన కిలో, నడుమ తీసిన కిలో కన్నా ఎక్కువ పనిచేస్తుంది. అందుకని అంచులోనే రెండు కిలోలు తీసి, బ్యాలెన్సు చూసి పంపుతున్నాను.

ఇంకా తీయవచ్చా అని అడిగారు. తీయవచ్చు. తీసినచోట ఇనుము ఉండదు, అంతే.

ఇట్లు, లేత్ దగ్గర నుంచి,
మీ బావమరిది

తా.క. ఇది తిరిగేది మీ పాదాల పక్కనే. కాస్త మందం బూట్లు వేసుకుంటే మంచిది.

*

మార్చి 11

బావమరిదికి ఆశీస్సులు.

బండికి రెక్కలొచ్చాయి. కాలు ఆనించేలోపే ఇంజన్ అరుస్తోంది. కాలు తీస్తే అంతే తొందరగా చస్తోంది. నిన్న ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోయింది. వెనక లారీవాడు దిగివచ్చి, ఇది నడుపుకోవడానికి కొన్నారా, పెంచుకోవడానికా అని అడిగాడు.

నీ బూట్ల సలహా జట్టు పెద్దకు చెప్పాను. మందం బూట్లు బరువని పల్చటివి ఇప్పించాడు. బూట్ల దాకా ఆలోచించాడంటే మీవాడికి బరువు మీద ఎంత పట్టింపో అని మెచ్చుకున్నాడు.

చక్రం మళ్లీ పంపుతున్నాను. ఇంకో కిలో తీయాలట. నీకు కుదరదనిపిస్తే మొహమాటపడకు. కుదరదని ఒక్క ముక్క రాయి. నేనేమీ అనుకోను.

నీ మేలు కోరే
బావ

తా.క. ఒక్క ముక్క చాలు.

*

మార్చి 17. గాలి, దుమ్ము. షెడ్డు కిటికీకి అట్ట బిగించాను.

బావగారికి నమస్కారాలు.

కుదరకపోతే చెప్పమన్నారు. నా పనితనం మీద మీకు అనుమానం వచ్చినట్టుంది. కుదిరింది. కిలో తీశాను.

పోత ఇనుము ఎక్కడైనా చిట్లితే చప్పుడు మారుతుంది. చక్రాన్ని తాడుతో వేలాడదీసి సుత్తితో మెల్లగా కొట్టాను. గంటలా మోగింది. రెండోసారి కొట్టడానికి చెయ్యి రాలేదు.

దీనితోపాటు మీ పాదాలకూ చక్రానికీ మధ్య బిగించే ఉక్కు తొడుగు ఒకటి చేసి పంపుతున్నాను. ఎనిమిది కిలోలు. అది తిరగదు కనుక బరువు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇట్లు, కాస్త కంగారులో ఉన్న
మీ బావమరిది

తా.క. కొండ దారి పోటీలో అందరికన్నా నెమ్మదిగా వచ్చినవాళ్లకు ఏమైనా బహుమతి ఉంటుందా? ఊరికే అడిగాను.

*

మార్చి 24

బావమరిదికి ఆశీస్సులు.

నీ తొడుగు చూసి జట్టు పెద్ద బల్ల చరిచాడు. తొడుగు ఇచ్చాడంటే ఇంకా చెక్కుకోండి అని ధైర్యమిచ్చినట్టేనన్నాడు. చక్రం మళ్లీ వస్తోంది. ఇది అయ్యాక వెనక చక్రాలను తిప్పే షాఫ్ట్ కూడా తేలిక చేయాలట. నెమ్మదివాళ్లకు బహుమతి అన్నావని చెబితే అంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. చివర్లో నేనొక్కణ్ణే నవ్వుతున్నానట.

మీ అక్కయ్య, మా తమ్ముడి చెయ్యి పడ్డాక భయమేమిటని వీధంతా చెప్పుకొస్తోంది. నాకు అన్నం సయించడం లేదు. ఉత్సాహమని అందరూ అనుకుంటున్నారు. ఏదైనా జరిగితే ఎవరికి కబురు పంపాలో రాసివ్వమన్నారు. నీ పేరు రాశాను.

ఇంకో కిలో తీస్తావు కదూ. ఆలోచించుకో. బాగా ఆలోచించుకో.

నీ మేలు కోరే, నా మేలు నువ్వు కోరుతావని ఆశపడే
బావ

తా.క. రక్తం గ్రూపు కూడా అడిగారు. అంత పనిగా ఎందుకు అడుగుతారంటావు?

*

మార్చి 29. ఉక్కపోత. చక్రాన్ని లేత్‌కి ఎక్కించి, దించేశాను.

బావగారూ, వద్దు.

ఇంతకన్నా రాసే అలవాటు నాకు లేదు. అయినా రాస్తాను. ఇక పల్చబడితే, ఇంజన్ గట్టిగా తిరిగినప్పుడు ఈ చక్రం పగులుతుంది. ముక్కలు ఉన్నచోట ఉండవు, బండి నేల చీల్చుకుని వస్తాయి. రెండోసారి పంపినప్పుడే ఈ మాట చెప్పవలసింది. ఇంటి అల్లుడికి కాదని ఎలా చెప్పడమని తొడుగు చేశాను. మీరు మా ఇంటికి వస్తే కుర్చీ తక్కువైందని చెప్పలేక గోడకానుకుని నిలబడేవాణ్ణి. పక్కింట్లో పళ్లెం పడినా ఇప్పుడు లేచి వెళ్లి చక్రాన్ని చూసి వస్తున్నాను.

చక్రం పంపను. బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇట్లు, క్షమించమని
మీ బావమరిది

తా.క. అక్కయ్యకు కోపం వస్తే నా మీదికి తోసేయండి.

*

ఏప్రిల్ 3

నాయనా బావమరిదీ, నూరేళ్లు వర్ధిల్లు.

'వద్దు' అన్న మాట చదివి, మారు అడిగి అన్నం తిన్నాను. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే చూస్తున్నాను. ఒకసారి మాటవరసకు నేను నడుపుతానన్నాను, జట్టువాళ్లు పట్టుకున్నారు. మేడ మెట్ల మీద నుంచి కిందికి చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. నేను మానేస్తే పరువు పోతుంది. నువ్వు కుదరదంటే తప్పు ఇనుముది. ఇంకో కిలో తీయమంటే ఎవడైనా తిడతాడు. నువ్వేమో తీసి, మెరుగుపెట్టి, గోనెలో చుట్టి పంపావు.

నీ ఉత్తరం అందరి ముందూ గట్టిగా చదివాను. జట్టు పెద్ద తల దించుకున్నాడు. అంతటితో అయిపోయేది. మీ అక్కయ్య ఊరుకుంటేనా. పోత ఇనుము కాకపోతే గట్టి ఉక్కుతో చేసిన తేలిక చక్రం దొరకదా అని అడిగింది. దొరికింది, బిగించారు కూడా. తర్వాత నా వైపు తిరిగి, "మరి మీరెందుకండీ అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నారు?" అంది. చెప్పేశాను.

నవ్వలేదు. బండి తాళాలు తీసుకుంది.

బతికి బయటపడ్డ
బావ

తా.క. ఆవిడ నాకన్నా ఇరవై కిలోలు తేలిక. జట్టు పెద్ద మురిసిపోతున్నాడు.

*

ఏప్రిల్ 5. మబ్బు. లేత్ కింది ఇనుప రజను ఊడ్చి డబ్బాకెత్తాను.

బావగారికి నమస్కారాలు.

అక్కయ్యను నడపనివ్వవద్దని రాద్దామని కూర్చున్నాను. అంతలో వీధిలో ఇంజన్ వినబడింది. చప్పుడులో ఏ తేడా లేదు. ఉంటే బాగుండేది.

అక్కయ్యే వచ్చింది. పోటీలో పక్కన కూర్చుని రాబోయే మలుపులు చదివి చెప్పే మనిషి కావాలట. మీరు ఎక్కనన్నారట.

"నువ్వయితే చప్పుడు విని చెబుతావురా, ఎక్కు," అంది.

నాకు మాటలు రావన్నాను. ఎడమ, కుడి అంటే చాలంది. వద్దనడం ఇప్పుడు నేర్చుకున్నాను కదా అని నోరు తెరిచాను. అక్కయ్య నా తలకు హెల్మెట్ తొడిగి, బడికి పంపేటప్పుడు చొక్కా గుండీ పెట్టినట్టు గడ్డం కింద పట్టీ బిగించింది. ఇక నోరు మూతపడింది. హెల్మెట్‌తోనే ఇది రాస్తున్నాను.

ఊరికే అలా కొండ దాకా వెళ్లి వద్దామంటోంది. హారన్ కొడుతోంది. మధ్యాహ్నం చేయవలసిన పని: షెడ్డు తలుపు గడియకు—