గ్రేసి తిప్పే మూత

అన్నా,

నువ్వున్నప్పుడు నీతో మాట్లాడింది తక్కువ. పోయిన ఇన్నేళ్లకు రాస్తున్నాను.

నా కూతురు గ్రేసికి రెండున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. చెవుడేమోనని మొన్న మా అత్తమ్మ దాని వెనక నిలబడి స్టీలు పళ్లెం మోగించింది. గ్రేసి ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. కాసేపటికి మళ్లీ గిన్నె మూత గిరగిరా తిప్పుకుంటూ కూర్చుంది.

"చెవులు మంచిగనే ఉన్నయి. జర మొండిది, అంతే" అంది అత్తమ్మ.

నాకు మాత్రం అమ్మ నీ వెనక మోగించిన పళ్లెం, నువ్వు తిప్పిన మూత గుర్తొచ్చాయి.

ఇవాళ ఏఎస్ రావు నగర్‌లో డాక్టరమ్మకు చూపించాం. "ఆటిజం కావచ్చు, ఇంకా పరీక్షలు చెయ్యాలె. మీ రెండిళ్లల్ల ఎవరన్న ఇట్ల ఉన్నరా?" అని అడిగింది.

"ఎవ్వరు లేరు మేడం" అన్నాడు మా ఆయన. ఆయన తప్పు లేదు. సంబంధం మాట్లాడేటప్పుడు నేనొక్కదాన్నే అని అమ్మ చెబితే, పక్కనే కూర్చుని తలూపాను.

"మా అన్న ఉండె మేడం" అన్నాను. మా ఆయన నా ముఖంలోకి చూశాడు.

డాక్టరమ్మ రాసుకుంటూ అడిగింది. "అన్నతోని ఎట్ల ఆడుకునేటోళ్లు?"

"ఎన్నడు ఆడుకోలే మేడం" అన్నాను.

ఇప్పుడు నాచారంలో మా వంటింటి నేల మీద, గ్రేసి పక్కన కూర్చుని నేనూ ఒక మూత తిప్పుతున్నాను. తనింకా నా వైపు చూడలేదు. పొయ్యి మీద కూర మాడుతోంది, నేను లేవడం లేదు.