స్కోరుకి తెలియని దెబ్బలు

చిరంజీవి కౌశిక్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ క్షేమమే. కోడలు రేణు దవడకి కట్టిన తీగలు నిన్న తీసేశారు. ఇన్నాళ్లూ స్ట్రాతో చారు తాగిన పిల్ల, మెత్తగా పిసికి పెడితే పెరుగన్నం తింది. ఈ ప్లేనో ఊళ్లో మనింటి వార్త ఇంతే.

మాంసం ముట్టనివాడివి, జైల్లో ఏం తింటున్నావో అని బెంగగా ఉంది. ఎంతైనా కన్నదాన్ని.

"మళ్లీ నేరం చేసే అవకాశం తక్కువని కోర్టు కంప్యూటర్‌లో స్కోర్ వచ్చింది కదా, ప్రొబేషన్ ఇచ్చి నిఘా మీద ఇంటికి వదలక జడ్జి వాయిదా ఎందుకేసింది? ఆవిడకి లెక్కలు రావా?" అని ఉత్తరంలో అడిగావు. కొందరు జడ్జీలు ఆ స్కోర్ ప్రకారమే పోతారట, మీ లాయరే చెప్పాడు. ఈవిడ మాత్రం, "స్కోర్ చూస్తాను. కానీ పోలీసులదాకా వచ్చిందే దానికి తెలుసు. తలుపు వెనక జరిగింది ఇంట్లోవాళ్లు చెప్పాలి" అంది. నువ్వు విన్నట్టు లేదు, నేను విన్నాను.

మంచి ఉద్యోగం, సొంతిల్లు, పాత కేసు ఒక్కటీ లేదు. స్కోర్ తక్కువ రాక ఏమవుతుంది? నువ్వు తన్ని రేణు పక్కటెముక విరగ్గొట్టిననాడు మనం పిలిచింది పోలీసుల్ని కాదు, ఇక్కడి మనవాళ్లలో పెద్దమనిషి పద్మనాభం అంకుల్‌ని. "మొగుడూ పెళ్లాలన్నాక మామూలేనమ్మా, సర్దుకోవాలి" అన్నాడాయన. అందరికీ కాఫీ ఇచ్చాను. జుట్టు పట్టుకుని దాని తల కిచెన్ గట్టుకేసి కొట్టిననాడూ ఆయనే వచ్చాడు. నెత్తురు తుడిచి మళ్లీ కాఫీ పెట్టాను. అడ్డమొచ్చిన నా మణికట్టు మెలిపెట్టి విరిచావు. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని డాక్టర్‌కి చెప్పాను. ఈసారి పక్కింటావిడ 911కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలిచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ దవడకీ కాఫీయే.

"మావాడు చీమకైనా హాని చెయ్యడని సోమవారం జడ్జికి చెప్పమ్మా" అని రాశావు. కింద, "బయటికొచ్చాక రేణు సంగతి చూస్తా" అని కూడా రాశావు. తెలుగులో రాస్తే జైలువాళ్లకి అర్థం కాదనుకున్నావేమో. నాకు అర్థమైందిరా.

ఇంతసేపూ నోరు రాక ఏవేవో రాశాను. సోమవారం కోర్టులో నేను లేచి నిలబడతాను. పక్కటెముక, గట్టు, నా మణికట్టు, అన్నీ చెప్తాను. నిన్ను ఇప్పుడే వదలొద్దని నేనే అడుగుతాను. నువ్వంటే ప్రేమ చావలేదు నాన్నా. కానీ నువ్వంటే భయం.

కోర్టులోకి తీసుకొచ్చాక నీ వెనక బెంచీలో నాకోసం వెతకకు. రేణు పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఛాయాదేవి